తిరిగి చెప్పే నోరే కాపాడుతుంది

మా వాడకట్టులో ఎవరైనా దుబాయి పోతున్నారంటే రెండు రోజుల ముందు నుంచే ఇల్లంతా హడావిడి. సకినాలు, మామిడికాయ తొక్కు, అట్టపెట్టె చుట్టూ తాడు, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు. బండి శంషాబాద్ దిక్కు పోయాక ఆడవాళ్ళం రెండు ఫోన్ల కోసం ఎదురు చూస్తాం. ఒకటి "లేచిందట", రెండోది "దిగిందట". భయమంతా ఈ రెండు మాటల మధ్యనే ఉందనుకుంటాం. ఆ నాలుగు గంటలూ దేవునికి దండం పెట్టుకుంటూ ఉంటాం.

ఆ లెక్క సరైంది కాదని చెప్పడానికే ఈ రోజు రాస్తున్నాను. "లేచింది" అనే మాటకు ముందు పది నిమిషాలు, "దిగింది" అనే మాట తర్వాత పది నిమిషాలు ఉంటాయి. విమానం నేల మీద ఉండే ఆ సమయం గురించి మనం అడగం. పేపర్లవాళ్ళు రాయరు. నాయకులకు పట్టదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టూ పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు వెతికినా దొరకదు. అలాంటి చోట ఉన్న ఆడవాళ్ళం మనమే అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

మా మరిదితో ఈ మాట అంటే, "వదినా, నీకెందుకు గివన్నీ? పైలట్లున్నరు, ఆఫీసర్లున్నరు, వాళ్ళు చూసుకుంటరు" అన్నాడు. ఆ "వాళ్ళు చూసుకుంటరు" అనే మాట మీదనే నా కోపమంతా.

ఇప్పటివరకు జరిగిన విమాన ప్రమాదాల్లో అందరికంటే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్నది గాల్లో జరగలేదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన తెనెరీఫ్ అనే దీవిలో, రన్‌వే మీద, రెండు పెద్ద విమానాలు గుద్దుకున్నాయి. 583 మంది చనిపోయారు. ఇంజన్లు చెడిపోలేదు, రెక్కలు విరగలేదు. చెడింది మాట. పొగమంచులో టవర్‌లో ఉన్నవాళ్ళకు విమానాలు కనబడవు, విమానాలకు ఒకదానికొకటి కనబడవు. రేడియోలో వినబడే మాటే దిక్కు. డచ్ విమానం పైలట్ తాము టేకాఫ్ దగ్గర ఉన్నామన్నట్టు ఏదో అన్నాడు. అంటే నిలబడి ఉన్నామనా, కదిలామనా? టవర్ "ఓకే" అంది. ఆ వెంటనే "ఆగండి, నేను పిలుస్తాను" అని కూడా అంది. సరిగ్గా అదే క్షణాన అమెరికన్ విమానం "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అని చెప్పింది. రెండు మాటలు ఒకేసారి రేడియోలోకి వచ్చేసరికి డచ్ పైలట్ల చెవిలో కీచుమనే చప్పుడు. వాళ్ళకు తేటగా వినబడింది "ఓకే" ఒక్కటే.

ఒక్క "ఓకే". మన ఇళ్ళల్లో రోజుకు ఎన్నిసార్లు అంటామో ఆ మాట!

ఇంకో సంగతి ఉంది, ఆడవాళ్ళం గుర్తు పెట్టుకోవాల్సింది. డచ్ విమానంలో వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది. "ఆ విమానం ఇంకా తప్పుకోలేదా ఏంటి?" అని అడిగాడు. కెప్టెన్ ఆ సంస్థలో పేరున్న పెద్ద మనిషి. తప్పుకుంది అని గట్టిగా అనేశాడు. ఇంజనీర్ మళ్ళీ నోరు మెదపలేదు. పెద్దాయన చెప్పాక ఇంకేం మాట్లాడతాం అనే పద్ధతి మనకు తెలియందా?

ఆ తర్వాత ప్రపంచం నేర్చుకున్న పాఠాలు రెండు. టేకాఫ్ అనే మాటను ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చిన అనుమతి రద్దు చేసేటప్పుడో తప్ప ఇంకెప్పుడూ వాడకూడదు. మిగతా సమయాల్లో డిపార్చర్ అనాలి. ఇక రెండోది, చెప్పింది విన్నవాళ్ళు మళ్ళీ తిరిగి చెప్పాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. "రన్‌వే బయట ఆగు" అని కంట్రోలర్ అంటే పైలట్ "సరే" అంటే సరిపోదు. "రన్‌వే బయట ఆగుతున్నాను" అని తన విమానం నంబర్‌తో సహా చెప్పాలి. తప్పు చెప్తే కంట్రోలర్ అక్కడికక్కడే దిద్దాలి.

ఈ పని ఎలా సాగుతుందో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానం గేటు దగ్గర నుంచి కదిలి రన్‌వే దాకా వచ్చే దారులను టాక్సీవేలు అంటారు. ఆ దారులు గ్రౌండ్ కంట్రోలర్ చేతిలో ఉంటాయి. రన్‌వే మాత్రం టవర్ కంట్రోలర్ చేతిలో. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి విమానాన్ని అప్పజెప్తుంటారు. రన్‌వే మీదకు విమానం కానీ, జీపు కానీ, ఫైరింజన్ కానీ, గడ్డి కోసే ట్రాక్టర్ కానీ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. మన మెట్‌పల్లి బస్టాండ్‌లో బస్సు రివర్స్ తీస్తుంటే కండక్టర్ వెనక నిలబడి "రానీ, రానీ, హోల్డాన్" అంటాడు చూడండి, అట్లాంటిదే. కాకపోతే అక్కడ తేడా జరిగితే బంపర్ వంగుతుంది, ఇక్కడ వందల ఇళ్ళు ఆరిపోతాయి.

"అది ఎప్పుడో 1977 ముచ్చట, ఇప్పుడు కంప్యూటర్లున్నయి కదా" అంటారు. 2001 అక్టోబర్ 8న ఇటలీలోని మిలాన్‌లో మంచులో ఒక చిన్న విమానం దారి తప్పి, ఎగరబోతున్న పెద్ద విమానానికి అడ్డం వచ్చింది. 118 మంది పోయారు. ఆ ఎయిర్‌పోర్టులో నేల మీద కదలికలను చూపే పాత రాడార్‌ను అప్పటికే పక్కన పెట్టేశారు, కొత్తది వాడకంలోకి రాలేదు. సర్కారు ఆఫీసుల్లో కొత్త మిషన్ వచ్చి మూలన పడి ఉండటం మనం చూడందా? అక్కడా అంతే.

2024 జనవరి 2న టోక్యోలోని హనెడా ఎయిర్‌పోర్టులో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీద నిలబడి ఉన్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని గుద్దింది. భూకంప బాధితులకు సామాన్లు తీసుకుపోతున్న ఆ చిన్న విమానంలో ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. కంట్రోలర్ వాళ్ళతో "నంబర్ వన్" అన్నాడు. అంటే మీ వంతు మొదటిది, రన్‌వే బయట ఆగండి అని. వాళ్ళు రన్‌వే మీదకు రమ్మన్నారని అనుకున్నారు. అక్కడ కంప్యూటర్ ఉంది. రన్‌వే మీద ఎవరో ఉన్నారని తెర మీద నిమిషం పైన హెచ్చరిక చూపింది కూడా. చూడాల్సిన మనిషి వేరే పనిలో ఉన్నాడు, చూడలేదు. కుక్కర్ విజిల్ వేస్తే చాలదు, వినే మనిషి వంటింట్లో ఉండాలి.

దూరదేశాల సంగతులు చాలు, మన దేశానికి వద్దాం.

2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన విమానం రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. వాళ్ళూ మన మగవాళ్ళలాంటి వాళ్ళే, గల్ఫ్‌లో చెమటోడ్చి ఇంటికి వస్తున్నవాళ్ళు, వాళ్ళ పెళ్ళాంపిల్లలు. విచారణలో ఏం తేలింది? కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు. మంగళూరు రాడార్ రెండు రోజులుగా పనిచేయడం లేదు, అందువల్ల విమానానికి కిందకు దిగే అనుమతి ఆలస్యంగా అందింది. దిగేటప్పుడు ఎత్తు ఎక్కువ, వేగం ఎక్కువ. పక్కనున్న కో-పైలట్ "గో అరౌండ్" అన్నాడు, అంటే దిగకు, మళ్ళీ పైకి లేపు అని. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు. వినే చెవి లేకపోయింది.

పదేళ్ళ తర్వాత 2020 ఆగస్టు 7న అదే దుబాయి నుంచి కోళికోడ్‌కు వచ్చిన విమానం వానలో, వెనక నుంచి గాలి తోస్తుండగా, రన్‌వే సగం దాటాక నేలను తాకింది. చివరిదాకా పోయి కిందపడి ముక్కలైంది. 21 మంది పోయారు, ఇద్దరు పైలట్లతో సహా. అక్కడా పక్క పైలట్ "గో అరౌండ్" అన్నాడు. అక్కడా వినలేదు.

ముంబై నుంచి హైదరాబాద్ రావాల్సిన విమానం గురించి ఎంతమందికి గుర్తుందో తెలియదు. 2015 డిసెంబర్ 16 రాత్రి ముంబైలో ఆ విమానం గేటు నుంచి వెనక్కి తోయగానే, నేల మీద పనిచేసే సాంకేతిక ఉద్యోగి ఇంకా దాని పక్కనే ఉన్నాడు. పైలట్లకు, నేల మీది మనుషులకు మధ్య సైగల్లో తేడా వచ్చింది. ఆ మనిషిని ఇంజన్ లోపలికి లాగేసింది. మన ఊరి బండి కండక్టర్ "రైట్ రైట్" అనకముందే కదిలితే ఎలా ఉంటుందో అలా. ఆయన కూడా ఒక ఇంటి మనిషే. ఆయన ఇంట్లోనూ ఆ రాత్రి అన్నం గిన్నె మీద మూత పెట్టి ఎవరో ఎదురు చూసే ఉంటారు.

2021 ఫిబ్రవరి 20న దోహా నుంచి గన్నవరం వచ్చిన విమానం క్షేమంగా దిగింది. "దిగింది" అని ఇళ్ళల్లో అందరూ ఊపిరి పీల్చుకునే సమయం. అప్పుడు నేల మీద పోతూ పోతూ రెక్కతో కరెంటు స్తంభాన్ని గుద్దింది. 64 మంది ప్రయాణికులకు ఏమీ కాలేదు, దేవుడి దయ. పేపర్లో చిన్న ముక్క వచ్చింది, మర్చిపోయాం. మనకు ఏమీ కానివన్నీ మర్చిపోతాం. కానీ పెద్ద ప్రమాదాలకు ముందు ఇలాంటి చిన్నవే వచ్చి తలుపు తడతాయి.

2023 ఆగస్టు 23న ఢిల్లీలో ఒక విమానానికి ఎగరడానికి అనుమతి ఇచ్చారు. అప్పుడే దిగిన ఇంకో విమానానికి అదే రన్‌వేను దాటిపొమ్మని చెప్పారు. రెండింటి మధ్య రెండు కిలోమీటర్ల దూరం కూడా లేదు. దాటాల్సిన విమానం కెప్టెన్ ఒక ఆడమనిషి. ఎదురుగా విమానం కనబడగానే ఆమె "పైవాళ్ళు చెప్పారు కదా" అనుకుని ముందుకు పోలేదు. ఆగి, కంట్రోలర్‌ను అప్రమత్తం చేసింది. ఎగరబోయే విమానాన్ని ఆపేశారు. వందల మంది బతికారు.

ఇక్కడే నా అసలు వాదన.

మన ఇళ్ళల్లో ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి నేర్పేది ఏమిటి? ఎదురు మాట్లాడకు. చెప్పింది విను. మామయ్య ఒక మాట అంటే మళ్ళీ అడగకు. మళ్ళీ అడిగితే నోరెక్కువ. కోడలు "అట్ల కాదు అత్తమ్మా, ఇట్ల చేస్తే మంచిగుంటది" అంటే పొగరు. మగపిల్లలూ అదే ఇంట్లో పెరుగుతారు. నాన్న ముందు నోరు విప్పని కొడుకు రేపు ఆఫీసులో సారు ముందు విప్పుతాడా? కాక్‌పిట్‌లో కెప్టెన్ ముందు విప్పుతాడా? మంగళూరులో, కోళికోడ్‌లో పక్కన కూర్చున్న మనిషికి తప్పు కనబడింది. నోటితో చెప్పాడు కూడా. చెప్పింది చెల్లలేదు. చిన్నవాడి మాటను పెద్దవాడు వినాల్సిన పని లేదనే అలవాటు మన రక్తంలోనే ఉంది.

విమాన ప్రపంచం దీన్ని ఒప్పుకుంది. 1980ల నుంచి పైలట్లకు ఇదొక చదువులా నేర్పుతున్నారు: చిన్నవాడు గట్టిగా చెప్పాలి, పెద్దవాడు ఆగి వినాలి. అక్కడ తిరిగి చెప్పడం పొగరు కిందికి రాదు, అది డ్యూటీ. తిరిగి చెప్పని పైలట్‌ను కంట్రోలర్ మళ్ళీ అడుగుతాడు. విమానం దగ్గర మర్యాద అనిపించుకున్నది ఇంట్లో మాత్రం అమర్యాద ఎందుకైంది? పెద్దలకు గౌరవం తగ్గుతుందని వాదించేవాళ్ళకు ఒకటే చెప్తాను. ఆ 158 ఇళ్ళల్లో గౌరవం మిగిలింది, మనుషులు మిగల్లేదు.

ఇంకో వాదన ఉంది. తప్పు చేసిన కంట్రోలర్‌ను తీసేస్తే సరిపోతుందని. 2024 జూన్ 8న ముంబైలో ఒక విమానం ఎగురుతుంటే అదే రన్‌వే మీద వెనకే ఇంకోటి దిగింది. వీడియో చూసి దేశమంతా నోరెళ్ళబెట్టింది. వెంటనే ఏం చేశారు? కంట్రోలర్‌ను డ్యూటీ నుంచి తప్పించారు. ఢిల్లీ విషయంలోనూ అంతే. విచారణ జరిగేదాకా తప్పించడం న్యాయమే, కాదనను. కానీ కథ అక్కడితో ముగిస్తే ఎలా? ఆ మనిషి ఎన్ని గంటలు కూర్చున్నాడు, ఎన్ని విమానాలు చూస్తున్నాడు, పక్కన రెండో మనిషి ఉన్నాడా, ఇవి ఎవరు అడగాలి? 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘమే తన నివేదికలో కంట్రోలర్లు తక్కువ ఉన్నారని, ఉన్నవాళ్ళ మీద అలసట పెరిగిందని చెప్పింది. వీళ్ళందరి మీద కన్నేసి ఉంచాల్సిన డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ అని కూడా అదే నివేదిక చెప్పింది. తెల్లారి నుంచి బీడీలు చుట్టే మన చెల్లెళ్ళను అడగండి, సాయంత్రానికి చేతులు ఎలా తడబడతాయో. ఆకు చిరిగితే ఒక బీడీ పోతుంది. అలసిన కంట్రోలర్ మాట తడబడితే ఏం పోతుందో ఎవరూ లెక్క వేయరు.

"విమానాలు బస్సుల కంటే భద్రం కదా" అంటారు మావారు. నిజమే. ఆయన మస్కట్ నుంచి వచ్చేటప్పుడు నాకు శంషాబాద్ నుంచి ఇంటిదాకా రోడ్డు మీద వచ్చే రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దారి అంటేనే ఎక్కువ భయం. కానీ విమానం ఊరికే భద్రమైందా? ఒక్కో ప్రమాదం తర్వాత ఒక్కో నియమం రాసుకున్నారు కాబట్టి అయింది. ఆ నియమాలను పాటించే మనుషులు, మిషన్లు తక్కువైతే ఆ భద్రం ఎన్నాళ్ళుంటుంది?

మనకు కొత్త ఎయిర్‌పోర్టులు వస్తాయంటున్నారు. వరంగల్ మామునూరుకు కేంద్రం ఒప్పుకుంది. మన పక్కనే జక్రాన్‌పల్లి పేరు, పెద్దపల్లి దిక్కు బసంత్‌నగర్ పేరు ఎన్నికల సభల్లో ఎన్నేళ్ళుగా వింటున్నామో. వస్తే సంతోషమే, అర్ధరాత్రి బండ్లు కట్టించుకుని శంషాబాద్ దాకా పోయే బాధ తప్పుతుంది. కానీ సభల్లో మాట్లాడేది భూముల ధరల గురించి, ఎవరు తెచ్చారనే గొప్ప గురించి. ఒక్క నాయకుడైనా రన్‌వే చివర ఎంత ఖాళీ నేల వదులుతారో చెప్పాడా? విమానం అదుపు తప్పి దాటిపోతే ఆగడానికి ఉండే ఆ జాగా కనీసం 90 మీటర్లు ఉండాలని, 240 మీటర్లుంటే మేలని అంతర్జాతీయ నియమాలు చెప్తున్నాయి. నేల మీది కదలికలు చూపే రాడార్ పెడతారా? మంచు కురిసే చలికాలం తెల్లవారుజామున ఎంతమంది కంట్రోలర్లుంటారు? పౌర విమానయాన శాఖ ఇప్పుడు మన తెలుగు మంత్రి రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది. తెలుగులో అడిగితే అర్థం కాదనే సాకు కూడా లేదు.

తెలుగు అంటే గుర్తొచ్చింది. మనవాళ్ళు విమానం ఆగకముందే లేచి నిలబడతారని, బ్యాగులు లాగుతారని నవ్వుతారు, వీడియోలు పెడతారు. లేవడం తప్పే. విమానం నేల మీద కదులుతుంటే ఎప్పుడు బ్రేక్ పడుతుందో తెలియదు. కానీ కూర్చోమని వాళ్ళకు ఏ భాషలో చెప్పారు? మావారు ఎక్కిన ఒక విమానంలో సగం మందికి పైగా మన జిల్లాలవాళ్ళేనట. బెల్టు పెట్టుకునే దగ్గర నుంచి తలుపు తెరిచే దాకా ఒక్క ముక్క తెలుగులో చెప్పలేదట. పైలట్‌కు, కంట్రోలర్‌కు ఒకరి మాట ఒకరికి అర్థం కావాలని అంతర్జాతీయ పరీక్షలు పెట్టారే, టికెట్ కొన్న మనిషికి అర్థం కావాలని ఎందుకు లేదు? హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే ప్రతి విమానంలో భద్రత మాటలు తెలుగులో చెప్పాలి. ఇది మెహర్బానీ ఏం కాదు, మన హక్కు.

హనెడాలో ఇంకో విషయం జరిగింది. మంటల్లో ఉన్న ఆ పెద్ద విమానంలోంచి 379 మంది అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. బ్యాగులు అక్కడే వదిలేసి, చెప్పినట్టు దిగారు. మన మనిషి బ్యాగులో ఏముంటుందో మనకు తెలుసు. రెండేళ్ళ కష్టం, బిడ్డ పెళ్ళికి కొన్న తులం బంగారం, కాగితాలు. వదలడం మాటలు కాదు. అందుకే ఈ ముక్క సిబ్బంది కంటే ముందు మనమే చెప్పాలి. పాస్‌పోర్టు జేబులో ఉంచుకో, విమానం ఆగేదాకా కూర్చో, దిగమంటే బ్యాగు ముట్టకుండా దిగు. బంగారం మళ్ళీ కొనుక్కుందాం.

చెప్పాక, మళ్ళీ చెప్పించుకోండి. "సరేలే" అంటే ఒప్పుకోకండి. "ఏం చెప్పిన్నో చెప్పు" అని అడగండి. నవ్వుతారు, విసుక్కుంటారు, కానీ చెప్తారు. అట్లనే ఇంట్లో పిల్ల "నాన్నా, నువ్వు చెప్పింది తప్పేమో" అంటే నోరు మూయించకండి. ఆ పిల్ల రేపు ఏ టవర్‌లో కూర్చుంటుందో, ఏ విమానాన్ని ఆపుతుందో మనకేం తెలుసు?